ఎదురొచ్చే అమ్మాయి

గీతాంజలి వాళ్ళ కారు స్టార్టయింది. సోమవారం హైదరాబాద్‌లో వీసా ఇంటర్వ్యూ. ఆదివారం పొద్దున్నే బయలుదేరుతున్నారు. సర్టిఫికెట్లు సర్దారు, కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇక మిగిలింది ఒక్కటే. వీధి మలుపు నుంచి సూసన్ ఎదురు రావాలి.

సూసన్ సిద్ధంగానే ఉంది. చేతిలో కొత్తిమీర కట్టతో కిరాణా కొట్టు పక్కన నిలబడి, సుబ్బమ్మ పిన్ని సైగ కోసం చూస్తోంది. పిన్ని చెయ్యి ఊపింది. సూసన్ తల వంచుకుని, నవ్వు ఆపుకుంటూ అడుగు ముందుకేసింది.

సరిగ్గా అప్పుడే ఆమె పక్కనుంచి ఒక బైకు సర్రున దూసుకుపోయింది. దానికి రెండు పక్కలా ఖాళీ వాటర్ డబ్బాలు వేలాడుతూ, ఒకదానికొకటి కొట్టుకుంటూ వీధంతా వినపడేలా మోగుతున్నాయి.

కారు ఆగిపోయింది. "అయ్యో అయ్యో!" అన్న కేకలు నాలుగిళ్ళ అరుగుల మీంచి ఒకేసారి లేచాయి. కారు వెనక్కి వచ్చింది. అందరూ దిగి ఇంట్లోకెళ్ళి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదట్నుంచీ బయలుదేరాల్సి వచ్చింది. పాపం గీతాంజలి అప్పటికే మూడు గ్లాసులు తాగి ఉంది.

కారు రెండోసారి క్షేమంగా మలుపు దాటాక, సూసన్ తిన్నగా వీధి పక్కన ఆగిన ఆ బైకు దగ్గరికి వెళ్ళింది.

"మీకు కళ్ళు లేవా అండి?"

"ఉన్నాయండి. రోడ్డు ఖాళీగా ఉంటేనే వచ్చా."

"ఖాళీగా ఎక్కడుంది? నేను ఎదురొస్తున్నా."

"దేనికి?"

"కారుకి."

"కారుకి ఎదురొస్తే గుద్దుద్ది కదండీ!"

సూసన్‌కి ఒళ్ళు మండింది. ఆ అబ్బాయి మాత్రం బైకు స్టాండు వేసి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు మొహం పెట్టాడు.

"ఒక డౌటండి. ఈ డబ్బాలు నిండుగా ఉండుంటే పర్లేదా?"

"నిండుగా ఉంటే మంచిదే అంటారు."

"అయితే తప్పు నాది కాదు. నీళ్ళు తాగేసినోళ్ళది."

సూసన్ కొత్తిమీర కట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఈలోగా సుబ్బమ్మ పిన్ని ఆయాసపడుతూ వచ్చింది.

"ఒరే తిరుపతీ! డబ్బాలు తెమ్మంటే ఇప్పుడే తేవాలట్రా? అమ్మాయ్ సూసన్, ఏమీ అనుకోకమ్మా. మా అన్నయ్య కొడుకు, తిరుపతిరావు. వీరులపాడు నుంచి ఆదివారాలు వచ్చి మా వాటర్ ప్లాంట్ పనిలో సాయం చేస్తున్నాడు ఈ మధ్య."

ఓహో, అతనేనా ఇతను! సూసన్ ఎగాదిగా చూసింది. పోయినేడు యూరప్‌లో ఏదో సమ్మర్ కోర్సుకి వీసా వచ్చాక, 'నాకు బుద్ధి పుట్టలేదు, వెళ్ళను' అని ఇంట్లో కూర్చున్న మహానుభావుడు. ఆ కారుకీ సూసనే ఎదురొచ్చింది. మొహం మాత్రం చూడలేదు. కార్లో ఎవరున్నారో చూస్తే తనకి నవ్వొస్తుందని ఎప్పుడూ చూడదు.

ఈ ఎదురు రావడమనే ఉద్యోగం సూసన్ అప్లికేషన్ పెట్టుకుని తెచ్చుకున్నది కాదు. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం చర్చి నుంచి ఇంటికొస్తుంటే, వీధి చివరి ఇంటి కుర్రాడు వీసాకి బయలుదేరాడు. వాడికి వచ్చింది. ఆ తర్వాత ఇంకొకరు పిలిచి మరీ నడిపించారు. వాళ్ళకీ వచ్చింది. అంతే, జగ్గయ్యపేటలో ఆ వీధికి సూసన్ మొహమే సగం వీసా అయిపోయింది.

వాళ్ళమ్మ జయమణికి ఇది సుతరామూ నచ్చదు. "దేవుడి దయ అనండి వదినా, మా పిల్ల మొహం అంటారేంటి?" అని గొడవపడేది. నాన్న ప్రేమదాసు మాస్టారు మధ్యేమార్గం కనిపెట్టారు. "పిల్ల కొట్టుకెళ్ళి వస్తోంది. వాళ్ళ కారు అప్పుడే పోతోంది. అంతవరకే." అందుకని వీధిలో ఎవరికి వీసా పని పడినా, మాస్టారింట్లో ఆ పూట కొత్తిమీర పచ్చడే.

*

మర్నాడు నందిగామలో, ఇంజినీరింగ్ కాలేజీలో, సూసన్‌కి ఇంకో షాకు తగిలింది.

కాలేజీకి పోర్చుగల్‌లో ఒక యూనివర్సిటీతో కొత్తగా ఒప్పందం కుదిరింది. అక్కడి పిల్లలూ ఇక్కడి పిల్లలూ కలిసి ఆన్‌లైన్‌లో ఒక ప్రాజెక్టు చెయ్యాలి. కోర్సు అయ్యాక ఇక్కడి నుంచి ఒక్కర్ని ఎంపిక చేసి, ఒక ఏడాది అక్కడికి పంపిస్తారు. ఆ ఒక్క సీటు మీదే సూసన్ కళ్ళన్నీ. వచ్చే ఏడాది ఫైనలియర్, ఆ తర్వాత ఉద్యోగం. ఈసారి తప్పితే మళ్ళీ కుదురుతుందో లేదో.

టీముల లిస్టు చదివారు. సూసన్, సివిల్. తిరుపతిరావు, కంప్యూటర్స్. అటు నుంచి మార్తా అనే అమ్మాయి.

"మీరిక్కడేంటి?" అంది సూసన్.

"చదువుకుంటన్నానండి. ఆదివారాలే డబ్బాలు."

"ఈ కాలంలో తిరుపతిరావు ఏం పేరండీ?"

"మా తాత పేరు. ఆయన వాడింది కొంచెమే, ఇంకా గట్టిగా ఉంది కదాని నాకిచ్చారు."

నవ్వకూడదనుకుంది. కుదరలేదు.

ప్రాజెక్టు అంశం: మీ ఊళ్ళో మనుషులు ప్రయాణానికి ఎలా బయలుదేరతారు? స్క్రీన్ మీద మార్తా కనపడగానే తిరుపతిరావు ఏమాత్రం మొహమాటం లేకుండా మొదలుపెట్టాడు.

"మా అత్తయ్య వాళ్ళ వీధిలో ఒకమ్మాయి ఉంది. ఆమె ఎదురొస్తే వీసా వస్తుంది."

"ఆమె ఎంబసీలో ఆఫీసరా?" మార్తా కళ్ళు పెద్దవయ్యాయి.

"కాదు. సివిల్ ఇంజినీరింగ్, మూడో సంవత్సరం. ఇదిగో, నా పక్కనే."

టేబుల్ కింద నుంచి సూసన్ అతని కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది.

"ఎదురు అంటే ఏంటి?" మార్తా రాసుకోవడానికి పెన్ను తీసింది.

"ముందు నుంచి రావడం," అంది సూసన్. "అదే మాటతో, ఎదురు మాట్లాడటం అంటే పెద్దలకి తిరిగి సమాధానం చెప్పడం. ఎదురు తిరగడం అంటే పోట్లాటకి దిగడం."

"అంటే ఎదురొచ్చేవాళ్ళు మిత్రులా, శత్రువులా?"

"మనిషిని బట్టి ఉంటుంది. ఇప్పుడే నా కాలు తొక్కారు కూడా," అన్నాడు తిరుపతిరావు.

మార్తా పకపకా నవ్వింది. తన అమ్మమ్మ కూడా ఏ పనికి బయలుదేరినా గుమ్మం దగ్గర కుడికాలు ముందు పెట్టమంటుందని చెప్పింది. "మా దగ్గరా అంతే!" అని సూసన్ కుర్చీలోంచి సగం లేచింది. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. మీ అమ్మమ్మ ఏ ఊళ్ళో ఉంటుంది? అక్కడ వాన ఎప్పుడు పడుతుంది? మార్తా ఫోన్లో అమ్మమ్మ ఇంటి ఫొటో చూపించింది. తెల్లటి గోడలు, కిటికీ చుట్టూ నీలం పట్టీ.

"పెయింటా?"

"సున్నం. ప్రతి ఏడూ మేమే వేస్తాం. గోడలు కూడా సున్నంతోనే మా ముత్తాత కట్టాడు."

సూసన్ ఆ ఫొటో వంక చూస్తూ ఉండిపోయింది. సిమెంట్ ఫ్యాక్టరీల ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల. ఇక్కడ గుట్టలు తవ్వి, ఆ సున్నపురాయిని కాల్చి సిమెంట్ చేస్తారు. అక్కడ అదే సున్నంతో కట్టిన గోడ ముత్తాత కాలం నుంచి నిలబడి ఉందట. అదెలాగో ఆమెకి ఆ క్షణమే తెలుసుకోవాలనిపించింది. పక్కనున్న తిరుపతిరావు ఫొటో వంక చూడ్డం లేదు. ఆమెనే చూస్తున్నాడు. ఆమె ఇటు తిరిగేసరికి కాలు నొప్పి పెడుతున్నట్టు వంగాడు.

*

ప్రాజెక్టు పేరుతో తిరుపతిరావు ఆదివారాలు ఆ వీధిలో ప్రతి ఇంటికీ తిరిగాడు. వాటర్ డబ్బా దించడం, అరుగు మీద కూర్చోవడం, వీసా ఎలా వచ్చిందని అడగడం. రాత్రికి అత్తయ్య ఇంట్లోనే ఉండిపోయి, సోమవారాలు జగ్గయ్యపేట బస్సులో నందిగామ వెళ్తూ సూసన్‌కి ఆ కబుర్లన్నీ చెప్పేవాడు. మొదట్లో వేరే వేరే సీట్లలో కూర్చునేవాళ్ళు. తర్వాత, అరుగుల మీద తీసిన రికార్డింగు వినడానికి ఇయర్‌ఫోన్స్ ఒకటే జత ఉందనే వంక దొరికింది. ఎప్పుడో మీరు పోయి నువ్వు వచ్చింది. ఎవరు ముందన్నారో ఇద్దరికీ గుర్తులేదు.

ఒక సోమవారం చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర బస్సు వానలో ఇరుక్కుంది. కిటికీ అద్దం సరిగ్గా పడక జల్లు లోపలికి కొడుతోంది. తిరుపతిరావు తన ఫైలు అడ్డం పెట్టాడు. ఫైలు తడిసిపోతోంది, సూసన్ తడవలేదు.

"ప్రాజెక్టు తడుస్తోంది," అంది సూసన్.

"మళ్ళీ రాసుకోవచ్చు. సూసన్, ఒకటి కనిపెట్టా. నువ్వు ఎదురొచ్చినోళ్ళందరిలో కామన్‌గా ఒకటుంది."

"నా మొహం."

"కాదు. ముందు రోజు సాయంత్రం నువ్వు వాళ్ళింటికెళ్ళి కూర్చుంటావంట. ఏ ఊరు, ఏం చదువుతావ్, అక్కడే ఎందుకు, ఆ ఊళ్ళో నది ఉందా, చలికి ఏం తొడుక్కుంటారు అని ప్రాణం తోడేస్తావంట."

"తెలుసుకోవాలనుంటే అడగనా ఏంటి!"

"అదే చెప్తున్నా. నీకు సమాధానం చెప్పలేక వాళ్ళు రాత్రికి రాత్రి అంతా చదూకుని పోతన్నారు. మర్నాడు ఆఫీసరు అడిగేవీ అవే. వీధంతా నీ మొహం అనుకుంటంది. అది నీ నోరు తల్లీ!"

సూసన్ అతని వైపు తిరిగింది. తన కుతూహలం ఎవరికైనా పనికొచ్చిందని ఎప్పుడూ అనుకోలేదు. చిన్నప్పటి నుంచీ ఆడపిల్లకి అన్ని ప్రశ్నలెందుకని చీవాట్లే తింది. ఇతనొక్కడే దాన్ని మెచ్చుకున్నాడు. ఆమెకి చెప్పలేనంత సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే చాలా రోజులుగా నాలిక చివర ఉన్న ప్రశ్న అడిగేసింది.

"నీకు వీసా వచ్చింది కదా, ఎందుకెళ్ళలేదు? ఇప్పుడు పోర్చుగల్ సీటుకీ అప్లై చెయ్యలేదంట. ఎందుకు?"

తిరుపతిరావు మొహంలో నవ్వు పోయింది. "బస్సు కదిలింది," అన్నాడు. నిజానికి బస్సు కదల్లేదు.

*

సీటు సూసన్‌కే వచ్చింది. వీసా ఇంటర్వ్యూ తారీఖు కూడా వచ్చింది. దాంతో వీధికి పెద్ద చిక్కొచ్చిపడింది.

"అందరికీ ఈ పిల్లే ఎదురొచ్చింది. మరి ఈ పిల్లకి ఎవరు ఎదురు రావాలి?"

సుబ్బమ్మ పిన్ని తానొస్తానంది. వీసా వచ్చిన గీతాంజలి తానొస్తానంది. జయమణి గడపలో నిలబడి, "ఎవరూ వద్దు. ప్రార్థన చేసుకుని బయలుదేరతాం," అని తేల్చి చెప్పేసింది. సూసన్ పైకి నవ్వుతూనే ఉంది. లోపల మాత్రం భయం పట్టుకుంది. రాకపోతే? పోర్చుగల్ పోతుంది, అదొక బాధ. వీధికంతా అదృష్టం పంచి తనకి మిగుల్చుకోలేకపోయిన పిల్ల అని అందరూ జాలిపడతారు, అది ఇంకో బాధ. నమ్మను నమ్మను అంటూనే తనూ ఆ అదృష్టాన్ని నమ్మిందని అప్పుడు తెలిసింది.

ముందు రోజు సాయంత్రం తిరుపతిరావు వచ్చాడు. ప్రేమదాసు మాస్టారు వరండాలో పేపర్ చదువుతున్నారు.

"సార్, సూసన్‌ని కాసిని ప్రశ్నలు అడగాలండి. ఈ ఊళ్ళో ఆనవాయితీ."

"కూర్చో బాబూ. నేను పేపర్ చదూతూనే ఉంటా," అన్నారు మాస్టారు. ఆ మాటలో అనుమతీ ఉంది, హెచ్చరికా ఉంది. కాసేపటికి జయమణి టీ పెట్టమని లోపలికి పిలిస్తే, పేపర్ తీసుకుని మరీ వెళ్ళారు.

తిరుపతిరావు ఆఫీసరు మొహం పెట్టాడు. "పోర్చుగల్ ఎందుకు?"

"అక్కడి విద్యా ప్రమాణాలు, పరిశోధనా అవకాశాలు నా భవిష్యత్తుకి..."

"ఇది వాళ్ళ వెబ్‌సైట్ మాట. నీ మాట చెప్పు."

సూసన్‌కి అప్పుడే తట్టింది. ఊళ్ళో వాళ్ళందరినీ అడిగిన ప్రశ్నే, తనని తాను ఎన్నడూ అడగలేదు.

"చూడాలనుంది," అంది చివరికి. "మార్తా వాళ్ళ అమ్మమ్మ ఇంటి గోడ మీద చెయ్యి పెట్టి చూడాలనుంది. అన్ని వానలకి తడిసి ఎలా నిలబడిందో తెలుసుకోవాలనుంది. ఇక్కడికొచ్చాక అలాంటిది ఒక్క గోడైనా కట్టి చూడాలనుంది. ఇంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు. ఇది చెప్తే నవ్వుతారేమో."

"నవ్వరు. ఇదే చెప్పు."

"నీకేం తెలుసు? నీకు అడక్కుండానే వచ్చింది."

తిరుపతిరావు ఆఫీసరు మొహం తీసేశాడు.

"నాకు వీసా రాలేదు సూసన్."

"అదేంటి! నువ్వే వెళ్ళనన్నావని..."

"అబద్ధం చెప్పా. ముందు రోజు నువ్వు అత్తయ్య వాళ్ళింటికొచ్చావ్ చూడు, నేను లోపల గదిలోనే ఉన్నా. పడుకున్నానని చెప్పించా. ఈ పిల్లకి నేను చెప్పేదేంటని పొగరు. నువ్వు బయట అత్తయ్యని అడుగుతున్నావ్, 'ఆ ఊళ్ళో నది ఉందా పిన్నీ?' అని. నవ్వుకున్నా. మర్నాడు ఆఫీసరు ఆ ఊరి గురించి నాలుగు మాటలు చెప్పమన్నాడు. నాకు ఒక్కటీ రాలేదు."

సూసన్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"మొదట పరువు కోసం దాచా. తర్వాత, చెప్తే నువ్వు ఎదురొచ్చినా వీసా రాలేదని నిన్ను ఎవరూ పిలవరనిపించింది. పిలవకపోతే ఆ మలుపులో నువ్వు నిలబడవు. నేను ఆదివారం ఆదివారం వీరులపాడు నుంచి వచ్చేది మరి డబ్బాల కోసమా?"

సూసన్‌కి చెవులు వేడెక్కాయి. కోపం తెచ్చుకోవాలనుకుంది, రాలేదు.

"ఇప్పుడెందుకు చెప్పావ్?"

"రేపు నీకు ఎవరెదురొచ్చినా, రాకపోయినా ఒకటేనని నీకు తెలియాలి. నువ్వు ఎదురొచ్చినా నాకు రాలేదు. నీ ప్రశ్నలు వినుంటే వచ్చేది."

గుండెల మీంచి బరువు దించినట్టయింది సూసన్‌కి. రెండేళ్ళుగా మోస్తున్న అదృష్టం అక్కడే, వరండాలోనే దిగిపోయింది. హాయిగా ఊపిరి పీల్చుకుంది.

*

తెల్లవారి జయమణి ప్రార్థన చేసింది. కారు గేటు దాటిందో లేదో ఆగిపోయింది. మలుపు నిండా జనం. సుబ్బమ్మ పిన్ని, గీతాంజలి, ఇంకా వీసాలొచ్చిన వాళ్ళ అమ్మలు, నాన్నలు, అందరూ ఎదురొస్తున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కొత్తిమీర కట్ట.

"వీళ్ళంతా ఎదురొస్తే మనం ముందుకెట్టా పోవాలి?" అన్నారు మాస్టారు. జయమణి కూడా నవ్వేసింది.

సూసన్ కిటికీలోంచి ఆ గుంపులో వెతికింది. తిరుపతిరావు లేడు. వెనక్కి తిరిగింది. వాళ్ళ గేటు పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వు ఎదురు రావేంటి?" అని కేకేసింది.

అతను కిటికీ దగ్గరికి వచ్చాడు. "నేను ఎదురు రాను," అన్నాడు మెల్లగా. "ఎదురు చూస్తా."

ఆ మాటకి సూసన్ మొహం ఎర్రబడింది. అయినా నోరు ఊరుకోదుగా.

"చూసేది ఇక్కడెందుకు? హైదరాబాద్‌లో ఆఫీసు గేటు బయట చూడు. ఎక్కు."

తిరుపతిరావు భయం భయంగా మాస్టారి వంక చూశాడు. మాస్టారు జయమణి వంక చూశారు. జయమణి కూతురి వంక చూసి, డ్రైవరు పక్క సీటు చూపించింది. "ముందు కూర్చో బాబూ. టిఫిన్ తిన్నావా?"

ఆఫీసులో సూసన్ సున్నం గోడ గురించే చెప్పింది. ఎదుటివాళ్ళు ఒకటి అడిగితే తను రెండు అడిగిందట. కొన్నాళ్ళకి పాస్‌పోర్టు తిరిగొచ్చింది, అందులో వీసా ఉంది. ఎవరు ఎదురొస్తే వచ్చిందన్న విషయం మీద వీధిలో ఇప్పటికీ వాదన తెగలేదు.

ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం ఇద్దరూ నందిగామ బస్టాండులో కూర్చున్నారు. జగ్గయ్యపేట బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ లేవలేదు.

"వచ్చే సెమిస్టర్‌కి నువ్వూ అప్లై చెయ్యి," అంది సూసన్.

"మళ్ళీ రిజెక్ట్ చేస్తే?"

"ఈసారి ముందే నేను ప్రశ్నలు అడుగుతాగా. పడుకున్నానని చెప్పించకు. ఇప్పుడే మొదలెడుతున్నా. పోర్చుగల్ ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావ్?"

తిరుపతిరావు నిటారుగా కూర్చుని, కాలరు సర్దుకున్నాడు.

"అక్కడ నాకు కావలసిన మనిషి ఒకరున్నారండి."

"ఛీ! ఇలా చెప్తే మళ్ళీ రిజెక్టే."

"నిజమే కదా మరి."

"నిజమేలే. అది ఆఫీసరుకి చెప్పకు," అంది సూసన్, అతని వైపు తిరిగి. "నాకు చెప్పు."

చెప్పాడు. ఆమె మళ్ళీ చెప్పమంది. ఆ తర్వాతి బస్సు కూడా వెళ్ళిపోయింది.